ఇంజిన్ భాగాల మీద పైపై తుప్పు: రుద్దాలా, నానబెట్టాలా, కరెంటు పెట్టాలా?

పోయిన ఏడాది వానలకి ముందు ఒక పాత బుల్లెట్ ఇంజిన్ దించాను. 350 సీసీ, పోత ఇనుము సిలిండరు బ్లాకు ఉండే పాత రకం. బోరు, అంటే పిస్టన్ తిరిగే గుండ్రటి రంధ్రం, వెడల్పు 70 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే అందులో పిస్టన్ కదిలే దూరం, 90. పిస్టన్ రావడం ఆలస్యమైంది, ఈలోగా ఇంట్లో పెళ్లి పనులు వచ్చిపడ్డాయి, చూస్తుండగానే నాలుగు నెలలు గడిచాయి. మాది కాకినాడ. సముద్రపు గాలి తగిలే ఊళ్లో నూనె పూయకుండా ఇనుము వదిలేస్తే ఏమవుతుందో ఇక్కడి మెకానిక్కులకి ఎవరూ చెప్పక్కర్లేదు. అట్టపెట్టె తెరిచేసరికి బ్లాకు లోపలంతా పసుపు నీళ్లు చల్లినట్టు నారింజ రంగు పొర. క్లచ్‌లోని స్టీలు ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నట్లు, బోల్టులు, కిక్ షాఫ్టు, క్యామ్ గేర్లు, అన్నిటి మీదా అదే రంగు.

సలహాలకి లోటు లేదు. ఒకరు వెనిగర్ అన్నారు, ఒకరు కూల్ డ్రింకు అన్నారు, ఇంకొకరు బాత్రూం యాసిడ్ అన్నారు. వీటిలో చాలావాటితో తుప్పు పోతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ముందు తేల్చుకోవాల్సింది ఆ ముక్క ఇంజిన్‌లో ఏం పని చేస్తుందన్నది. పిస్టన్ రింగు జారే గోడకీ, మడ్‌గార్డు బిగించే బోల్టుకీ ఒకే మందు వాడితే తుప్పు పోతుంది, దాంతోపాటు బోరూ పోతుంది. ఈ పోలికంతా ఆ లెక్క మీదే రాస్తున్నాను.

పైపైదేనా, లోపలికి తినేసిందా

ఏ మందూ కొనకముందు రెండు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. బనియన్ వేస్టు ముక్కని డీజిల్‌లో ముంచి, బొటనవేలి కింద పెట్టి, ఒకే చోట పదిహేను ఇరవై సార్లు రుద్దండి. గుడ్డ మీదికి ముందు ఇటుక రంగు వస్తుంది, తర్వాత కాఫీ రంగు, ఆపైన నల్లటి మరక. ఇప్పుడు ఆ చోటు తుడిచి వెలుతురుకి పట్టి చూడండి. కింద లోహం మెరుస్తుంటే, లేదా నీడ లాంటి బూడిద రంగు మచ్చ మాత్రమే మిగిలితే, మీది పైపై తుప్పే. తర్వాత గోరు అడ్డంగా గీయండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోవాలి. తట్టుకుందంటే అక్కడ గుంట పడినట్టే. గుంటని ఏ మందూ పూడ్చదు. బోరులో ఐతే లేతు షాపుకి వెళ్లాలి, క్యామ్ ఐతే కొత్తది కొనాలి.

ఎర్ర తుప్పుతో వచ్చిన చిక్కేమిటంటే అది గుల్లగా ఉంటుంది. అల్యూమినియం మీద ఏర్పడే పొర లాగా లోపలి లోహాన్ని కాపాడదు, పైగా తేమని పీల్చి పట్టుకుంటుంది. గాలిలో తేమ 60 శాతం దాటాక ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. ఉప్పు తగిలిన ఇనుముకి అంత తేమ కూడా అక్కర్లేదు. అందుకే మా తీరం ఊళ్లలో 'తర్వాత చూద్దాంలే' అని వదిలేసిన లేత తుప్పు ఒక్క వర్షాకాలంలోనే గుంటలదాకా వెళ్తుంది.

నూనె పొర మీద నడిచే ముక్కలు: చేత్తో రుద్దడమే

సిలిండర్ బోరు, క్రాంకు జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలు), క్యామ్ లోబ్‌లు (వాల్వుల్ని తెరిచే ఉబ్బులు), వాటి మీద ఆనే ట్యాపెట్లు, పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే గడ్జన్ పిన్ను. వీటి మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలుస్తారు. వీటిని ఏ యాసిడ్‌లోనూ ముంచకండి. నేను ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక బ్లాకుని రాత్రంతా వెనిగర్‌లో ఉంచాను. తెల్లారేసరికి తుప్పు చుక్క కూడా లేదు, కానీ బోరు గోడ పలక మీద సుద్ద రాసినట్టు మసకబారింది. వేలు పెడితే నల్లటి మసి అంటుకుంది. పోత ఇనుములో గ్రాఫైటు ఉంటుంది, యాసిడ్ దాని చుట్టూ ఉన్న ఇనుముని తినేసి దాన్ని పైకి తేల్చింది. హోనింగ్ చేసిన అడ్డగీతలు, అంటే నూనెని పట్టి ఉంచే ఆ సన్నటి గళ్లు, అరిగినట్టు అయిపోయాయి. ఆ బ్లాకుని తర్వాతి ఓవర్‌సైజుకి, అంటే ఇంకొంచెం పెద్ద పిస్టన్ పట్టేలా, బోరింగ్ చేయించాల్సి వచ్చింది.

ఈసారి చేసింది ఇది. బోరు గోడకి డీజిల్ బాగా పట్టించి అరగంట వదిలేశాను. కిరసనాయిలు ఐతే ఇంకా మేలు, కానీ ఇప్పుడు దొరకడం కష్టం. తర్వాత నాలుగు సున్నాల (0000) గ్రేడు స్టీల్ ఊలుని డీజిల్‌లో తడిపి, చేత్తో, అడ్డగీతలు ఏ కోణంలో ఉన్నాయో అదే వాలులో తిప్పుతూ రుద్దాను. వంటింట్లో గిన్నెలు తోమే స్టీలు పీచు ఇది కాదు. ఆ పీచు తీగలు మందంగా, గట్టిగా ఉంటాయి, గోడ మీద చారలు పడతాయి. నాలుగు సున్నాల ఊలు చేత్తో పట్టుకుంటే జుట్టులా మెత్తగా ఉంటుంది. హార్డ్‌వేరు షాపులో లేకపోతే చెక్కకి పాలిష్ చేసే సామాను అమ్మేచోట అడగండి. డీజిల్‌కి బదులు ఆటోమేటిక్ గేరు ఆయిల్ వాడేవాళ్లూ ఉన్నారు. అందులో మురికిని విడగొట్టే గుణం ఉంటుంది కాబట్టి బాగానే పనిచేస్తుంది, ఖర్చే ఎక్కువ.

పది నిమిషాల్లో నారింజ రంగు పోయింది. బోరు పైభాగాన, అంటే రింగులు ఆగే చోట, వేలెడు వెడల్పున ఒక బూడిద నీడ మిగిలింది. గోరుకి తట్టలేదు. దాని జోలికి పోలేదు. ఆ నీడ కూడా పోవాలని గంటసేపు రుద్దితే అక్కడే గోడ కొలత మారిపోతుంది. రంగు మిగిలినా ఫరవాలేదు, కొలత చెడకూడదు.

క్రాంకు, క్యామ్‌ల మీద స్టీల్ ఊలుకి తుప్పు లొంగకపోతే 1000 నంబరు గానీ అంతకన్నా సన్నటిది గానీ వాటర్ పేపరుని, అంటే తడిపి వాడే గరుకు కాగితాన్ని, నూనెలో తడిపి, సన్నటి పట్టీలా కత్తిరించి, జర్నల్ చుట్టూ వేసి రెండు చివర్లూ పట్టుకుని లాగాలి. అటు నాలుగు సార్లు, ఇటు నాలుగు సార్లు, అంతే. క్రాంకులోని నూనె రంధ్రాలకి ముందే గ్రీజు కూరి మూసేయండి, తర్వాత మరిచిపోకుండా తీసేయండి.

డ్రిల్లుకి తగిలించే గరుకు స్పాంజి చక్రాల గురించి విడిగా చెప్పాలి. చూడ్డానికి ఎంతో సులువు, క్షణాల్లో మెరుపు వస్తుంది. వాటిలో చాలావరకు అల్యూమినియం ఆక్సైడు రజను ఉంటుంది. ఆ రజను నూనె దారుల్లో దూరి బేరింగుల్లో ఇరుక్కుని వాటిని గీకేస్తుంది. జనరల్ మోటార్స్ కంపెనీయే ఇలాంటి చక్రాలు ఇంజిన్ పనిలో వాడొద్దని తన వర్క్‌షాపులకి సర్వీసు బులెటిన్ పంపింది. గ్యాస్కెట్ ముఖాలు శుభ్రం చేయడానికి కూడా వీటిని నేను ఇంజిన్ దగ్గరికి రానివ్వను. శాండ్ బ్లాస్టింగ్ సంగతీ ఇంతే. చాసిస్‌కి బాగుంటుంది, నూనె తిరిగే ఏ ముక్కకీ పనికిరాదు.

నానబెట్టే మందుల్లో ఏది

నట్లు, వాషర్లు, స్టీలు బ్రాకెట్లు, కిక్ రాడ్డు, స్టాండు వంటివి రుద్దుతూ కూర్చుంటే రోజంతా పోతుంది. వీటికి నానబెట్టడమే సరి. ఇత్తడి చెంబుని చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు, ఆ పులుపే పని చేస్తుంది. ఇక్కడా సూత్రం అదే, పులుపు ఏదన్నదే తేడా.

నా ఓటు నిమ్మ ఉప్పుకి, అంటే సిట్రిక్ యాసిడ్‌కి. కిరాణా కొట్లో దొరుకుతుంది, వాసన ఉండదు, కావలసిన ఘాటు మనమే కలుపుకోవచ్చు. లీటరు నీటికి 50 గ్రాములు చాలు. గోరువెచ్చని నీళ్లైతే త్వరగా పనిచేస్తుంది. లేత తుప్పు అరగంట నుంచి రెండు గంటల్లో వదులుతుంది. మధ్యలో పావుగంటకోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమి చూడండి. నానబెట్టేముందు ముక్కల మీద జిడ్డు లేకుండా గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. జిడ్డున్న చోటికి నీళ్లే అంటవు, మచ్చలు మచ్చలుగా మిగులుతుంది.

వెనిగర్ కూడా ఇదే పని చేస్తుంది, అందులో ఎసిటిక్ యాసిడ్ నాలుగైదు శాతమే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా. ఒక పూటో రాత్రంతానో పడుతుంది, షెడ్డంతా ఊరగాయ జాడీ వాసన. బోల్టులు నాలుగే ఉంటే, ఇంట్లో సీసా ఉంటే వాడండి, పని కోసం కొనక్కర్లేదు. కోలా రకం కూల్ డ్రింకులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్నమాట నిజమే, చాలా కొద్దిగా ఉంటుంది. చక్కెర జిగురు కడగడమే రెండో పని అవుతుంది.

మొలాసిస్ సంగతి మాత్రం ఆగి చెప్పాలనిపిస్తుంది. చెరకు ఫ్యాక్టరీలో చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డిని ఒక వంతుకి తొమ్మిది పది వంతుల నీళ్లు కలిపి ఇనుము ముంచితే, వారం రెండు వారాల్లో తుప్పు దానంతటదే ఊడి వస్తుంది. అది ఇనుప అయాన్లని పట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది, మంచి లోహాన్ని పెద్దగా ముట్టుకోదు. ట్రాక్టరు విడిభాగాలు, పంపుసెట్టు ఫ్లైవీలు లాంటి పెద్ద ముక్కలకి, తొందర లేని పనికి, ఇంత చవకగా ఇంత బాగా చేసేది ఇంకోటి లేదు. చెరకు పండే ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ప్రయత్నించి చూడండి. మూడో రోజుకే పులిసి నురగ కడుతుంది, ఈగలు ముసురుతాయి, కాబట్టి మూత పెట్టి ఇంటికి దూరంగా ఉంచాలి. ఇందులో అల్యూమినియం ముక్క మాత్రం పడకూడదు, ఈ నీళ్లు దాన్ని తినేస్తాయి.

బజారులో దొరికే తుప్పు తీసే ద్రావణాలు రెండు జాతులు, సీసా మీద చదివి కొనండి. ఒకటి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్నది. అది తుప్పుని ఇనుప ఫాస్ఫేటుగా మార్చి బూడిద రంగు పొర వదులుతుంది. రంగు వేయబోయే ముక్కకి అది వరమే, రంగు గట్టిగా పడుతుంది. ఒకదానిమీదొకటి జారే ముక్కకి ఆ పొర కుదరదు. రెండోది యాసిడ్ కాని, ఇనుముని పట్టి లాగే రకం, ఇవాపో-రస్ట్ లాంటిది. ధర ఎక్కువ, కానీ చేతికి హాని లేదు, రబ్బరుకి హాని లేదు, వడగట్టి మళ్లీ మళ్లీ వాడొచ్చు. కొంచెం విలువైన ముక్క, మూలల్లో తుప్పున్న గేరు లాంటిది ఉంటే దీనికే డబ్బు పెట్టమంటాను.

అంత ధర పెట్టలేకపోతే ఇంట్లో కలుపుకునేది ఒకటి ఉంది. లీటరు నీళ్లలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి, 40 గ్రాముల పొడి చాకలి సోడా కొద్దికొద్దిగా వేయండి. బుసబుసమని పొంగుతుంది కాబట్టి పెద్ద బకెట్టు వాడండి. పొంగు తగ్గాక ఒక చెంచా గిన్నెల సబ్బు నీళ్లు. పులుపు సగం చచ్చి, ఇనుముని పట్టే గుణం మిగులుతుంది, ఉట్టి నిమ్మ ఉప్పు కన్నా లోహం మీద మృదువుగా ఉంటుంది. చాకలి సోడా గాజు ముక్కల్లా స్ఫటికాలుగా ఉంటే అందులో బరువు సగానికి పైగా నీరే, దాదాపు 108 గ్రాములు వేస్తే గానీ పొడి 40 గ్రాములకి సమానం కాదు. నా క్యామ్ గేర్ల పళ్ల సందుల్లో స్టీల్ ఊలు దూరని చోట ఇదే బ్రష్‌తో పెట్టాను. ముంచలేదు, పూసి పది నిమిషాల్లో కడిగేశాను.

బాత్రూం యాసిడ్ వద్దు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పుతోపాటు లోహాన్నీ తింటుంది, దాని ఆవిరి షెడ్డులో ఉన్న మిగతా పనిముట్లన్నిటికీ మర్నాటికల్లా తుప్పు పట్టిస్తుంది, ఊపిరితిత్తులకీ మంచిది కాదు.

ఏ పులుపూ తగలకూడని ముక్కలు

నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు అన్ని చిన్న ముక్కలూ ఒకే డబ్బాలో వేయబోయాడు. "ఒరే, ఆ వాల్వు స్ప్రింగులు పక్కన పెట్టు, అవి వేస్తే నీళ్లలో ఏం కాదు, రోడ్డు మీద విరుగుతాయి" అన్నాను. ఎందుకని అడిగాడు. యాసిడ్ ఇనుముతో కలిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అందులో కొంత గట్టి స్టీలు లోపలికి దూరి దాన్ని పెళుసుబారుస్తుంది. మెత్తటి స్టీలుకి దీనివల్ల ఏమీ కాదు. వాల్వు స్ప్రింగులు, తల మీద 12.9 అని రాసి ఉండే బోల్టులు (ఈ అంకె ఎంత పెద్దదైతే స్టీలు అంత గట్టిది), హెడ్డు స్టడ్‌లు మాత్రం యాసిడ్‌కి దూరం. 10.9 బోల్టుల్నీ అందులో వేయకపోవడమే మంచిది. వీటికి డీజిల్, చేతి బ్రష్ చాలు. స్ప్రింగు తీగ మీద చిన్న గుంట కనిపించినా పారేసి కొత్తది వేయండి, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

జింకు పూత ఉన్న బోల్టులు కూడా పులుపులో వేయొద్దు. తుప్పు కంటే ముందు పూత పోతుంది, తర్వాత నెలకోసారి తుప్పు పడుతూనే ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డులో కంచు బుష్ ఉంటే దాన్ని ముంచకుండా గుడ్డతో పైపైనే చేయండి. ఇక బాల్ బేరింగులు, రోలరు బేరింగుల విషయంలో పోలికే అక్కర్లేదు. ట్రాకు మీద తుప్పు చుక్క కనిపిస్తే కొత్తది వేయండి. కడిగి తిప్పి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, వెయ్యి కిలోమీటర్లు తిరగకముందే గరగరమని పాట మొదలుపెడుతుంది, మళ్లీ ఇంజిన్ దించాలి.

కరెంటుతో తీయడం

బకెట్టులో చాకలి సోడా నీళ్లు, పది లీటర్లకి మూడు నాలుగు పెద్ద చెంచాలు. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు నల్ల క్లిప్పు తుప్పు ముక్కకి, ఎర్ర క్లిప్పు పనికిరాని ఇనుప రేకుకి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. క్లిప్పులు తారుమారైతే మీ ముక్కే కరిగిపోతుంది, అందుకే స్విచ్చి వేసే ముందు రెండుసార్లు చూసుకోండి. తుప్పు నల్లటి బురదగా మారి బ్రష్‌కే ఊడుతుంది, మంచి లోహం అరగదు. ఇది దీని గొప్ప.

ఐతే లేత తుప్పుకి ఇంత హంగామా అవసరం లేదని నా అభిప్రాయం. రేకు ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రమవుతుంది, బ్లాకు లాంటి ముక్కకి చుట్టూ రేకులు పెట్టాలి. ఇప్పుడొచ్చే స్మార్టు ఛార్జర్లు ఎదురుగా బ్యాటరీ లేకపోతే పనే మొదలుపెట్టవు. గట్టి స్టీలుకి హైడ్రోజన్ బెడద ఇక్కడా ఉంది. సోడా నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి. మందంగా తుప్పు పట్టిన స్టాండు, ఫుట్‌రెస్టు, పాత పానాలు ఉంటే మాత్రం దీన్ని మించింది లేదు. చేసేవాళ్లకి మూడు మాటలు. ఎర్ర క్లిప్పుకి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. సోడాకి బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. బుడగలుగా వచ్చేది మండే వాయువు కాబట్టి ఆరుబయటే చేయండి, క్లిప్పు తీసే ముందు స్విచ్చి ఆపండి.

క్లచ్ స్టీలు ప్లేట్లకి నేను పై వాటిలో ఏదీ వాడలేదు. మందపాటి అద్దం మీద 400 వాటర్ పేపరు పరిచి, డీజిల్ చల్లి, ప్లేటుని అరచేత్తో సున్నాలు చుట్టినట్టు తిప్పాను. ఒక్కో పక్కకి రెండు నిమిషాలు. తుప్పు పోవడంతోపాటు ప్లేటు వంగి ఉంటే అక్కడే తెలిసిపోయింది. వంగినచోట మచ్చ అలాగే ఉంటుంది, చుట్టూ మెరుస్తుంది. ఆరింటిలో ఒకటి అలా పట్టుబడింది.

మందులోంచి తీశాక పది నిమిషాలు

ఎంత మంచి మందు వాడినా ఇక్కడ తప్పితే అంతా వృథా. యాసిడ్‌లోంచి తీసిన ఇనుము మీద ఏ పొరా ఉండదు, గాలి తగలగానే కళ్ల ముందే పసుపెక్కుతుంది. అందుకని ముక్కని డబ్బాలోంచి తీసేముందే మిగతా ఏర్పాట్లు పక్కన పెట్టుకోవాలి. లీటరుకి ఒక చెంచా వంట సోడా కలిపిన నీళ్లలో ముంచి ఆడించండి, మిగిలిన పులుపు చచ్చిపోతుంది. తర్వాత మరిగే నీళ్లు పోయండి. చన్నీళ్లతో కడిగితే తడి గంటసేపు ఉంటుంది, మరిగే నీళ్లకి ముక్కే వేడెక్కి రెండు నిమిషాల్లో తనంతట తనే ఆరిపోతుంది. వేడి తగ్గకముందే డబ్ల్యూడీ-40 చల్లండి, మూలల్లో దాగిన నీటిని బయటికి నెడుతుంది. అది తేమని తరిమేదే తప్ప నెలల తరబడి కాపాడేది కాదు. ఆరాక ఇంజిన్ ఆయిల్ పూసి, పాలిథీన్ సంచిలో కట్టి పెట్టాలి. నూనె పూయని ముక్కని న్యూస్ పేపర్లో చుట్టి దాచడం మా దగ్గర అలవాటు, ఆ కాగితం తేమ పీలుస్తుంది, నాలుగు నెలల్లో నా ఇంజిన్‌కి అదే జరిగింది. తుప్పు నిరోధక కాగితం దొరికితే అందులో చుట్టండి.

బిగించే రోజున బోరుని మళ్లీ వేడినీళ్లు, గిన్నెల సబ్బు, నైలాన్ బ్రష్‌తో కడగాలి. డీజిల్‌తో తుడిస్తే స్టీల్ ఊలు పొడి, గరుకు రజను అడ్డగీతల్లో అలాగే ఉండిపోతాయి, సబ్బు నీళ్లే వాటిని పైకి తెస్తాయి. వెంటనే ఆరబెట్టి, తెల్లటి పాత పంచె ముక్కకి ఇంజిన్ ఆయిల్ పట్టించి గోడంతా తుడవండి. గుడ్డ బూడిద రంగైతే మళ్లీ సబ్బు, మళ్లీ వేడినీళ్లు, మళ్లీ కొత్త గుడ్డ. నా బ్లాకుకి నాలుగు సార్లు పట్టింది. నాలుగో గుడ్డ తెల్లగా బయటికొచ్చాకే రింగులు ఎక్కించాను.